అగాధదరిని వెతుక్కుంటూ నల్లమలకు

తొమ్మిదో తరగతి పిల్లలకు నది కొండలను కోసే తీరు చెబుతూ బోర్డు మీద ‘అగాధదరి’ అని రాసినప్పుడు, రెండో వరుసలోని ఒక అమ్మాయి లేచి నిలబడింది. “దరి అంటే ఒడ్డు గద సార్. చెరువుల ఈతకు పోతే మా తాత దరికి రా, దరికి రా అని మొత్తుకుంటడు. అగాధదరి అంటే లోతైన ఒడ్డా?” అని అడిగింది. సంస్కృతంలో దరీ అంటే గుహ, కొండల నడిమి చీలిక అనీ, మనం రోజూ అనే దరి వేరనీ చెప్పాను. అమ్మాయి నోట్సులో రాసుకుంది గాని ముఖంలో ఒప్పుకోలు కనిపించలేదు. నిజానికి నాకూ ఆ మాట ఎప్పుడూ నోటికి పట్టలేదు. పదిహేడేళ్లుగా దేవరకొండ ప్రాంతంలో సాంఘికశాస్త్రం చెబుతున్నాను. బడి ఆవరణ దాటాక ఆ మాటను ఒక్కరి నోటా వినలేదు. ఆ వెంటనే వెనక బెంచీ నుంచి ఇంకో ప్రశ్న వచ్చింది: “గట్లాంటిది మన దగ్గర ఉన్నదా సార్?”

ఉన్నది. పూట ప్రయాణం చేస్తే కృష్ణ నల్లమలను చీల్చుకుంటూ పోయే చోటు వస్తుంది. శ్రీశైలానికి పదిసార్లైనా వెళ్లి ఉంటాను కాని, ప్రతిసారీ బస్సు కిటికీకి తల ఆనించి నిద్రపోయినవాణ్ణే. ఈసారి రెండో శనివారం, ఆదివారం కలిసి రావడంతో మరో రెండు రోజులు సెలవు పెట్టి, మా బామ్మర్ది పాత కారులో బయలుదేరాను. గోడల్లాంటి కొండల మధ్య లోతుగా, ఇరుకుగా ఉండే చోటును దాని అంచున బతికేవాళ్లు ఏమంటారో వినడమే నా పని. బామ్మర్ది పని కారు నడపడం, దారి పొడవునా నన్ను ఎగతాళి చేయడం.

మొదటి రోజు, శనివారం: డిండి, అచ్చంపేట, ఉమామహేశ్వరం

డిండి జలాశయం దగ్గర చాయ్ కోసం ఆగాము. డిసెంబరు ఎండ నీళ్ల మీద పరుచుకుని ఉంది. పక్క బండి మీద చేపలు వేగుతున్నాయి. చిన్న ముక్కలకు కారం, ఉప్పు, నిమ్మరసం తప్ప ఇంకేమీ పూయలేదు. ప్లేటు ఎనభై రూపాయలు. పొద్దున పదింటికి చేపలేమిటని నేను సణుగుతుండగానే బామ్మర్ది రెండో ప్లేటుకు చెయ్యి చాపాడు. చాయ్ పోసే పెద్దమనిషిని, ఈ దారిలో లోయ ఎక్కడ మొదలవుతుందని అడిగాను. ఆయన గ్లాసు కడగడం ఆపి, కారు వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు: “ఎవరన్న పడ్డరా సార్?”

ఎవరూ పడలేదని నమ్మించడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ తరువాత మైళ్ల దూరం నాకు ఆ ప్రశ్నే చెవుల్లో తిరిగింది. లోయ అచ్చమైన తెలుగు మాట. లోపల, లోతు, లోగిలి అనే మాటల్లో ఉన్న ‘లో’ ఇందులోనూ వినిపిస్తుంది. అయినా మా ప్రాంతంలో అది పత్రికల్లో మాత్రమే బతుకుతోంది. అక్కడ లోయలో ఎప్పుడూ ఒక బస్సు పడి ఉంటుంది, అదీ హిమాచల్‌లోనో ఉత్తరాఖండ్‌లోనో. పాఠ్యపుస్తకంలోని లోయ ఇంకో రకం. సింధు లోయలో నగరాలు కట్టారు, కశ్మీర్ లోయలో కుంకుమపువ్వు పండిస్తారు, అరకు లోయకు రైలెక్కి విహారానికి పోతారు. నర్మద పారేది పగులు లోయ. వందల కిలోమీటర్ల మైదానానికీ, రెండు బండల నడిమి చీలికకూ ఒకటే మాట సరిపెట్టుకున్నాం కనుకనే, గోడలు నిటారుగా ఉన్నదానికి వేరే పేరు కావలసివచ్చి, పుస్తకం రాసినవాళ్లు సంస్కృతం తలుపు తట్టి అగాధదరిని తెచ్చుకుని ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేను. అయితే తట్టవలసిన తలుపులు ఇంకా దగ్గరలో ఉన్నాయేమో చూసి ఉండవలసింది.

హాజీపూర్ చౌరస్తాలో కుడివైపు తిరిగి అచ్చంపేటలో గది తీసుకుని, సాయంత్రం మళ్లీ వెనక్కి వచ్చి రంగాపూర్ దగ్గర కొండ మీదికి వెళ్లాము. ఉమామహేశ్వరాన్ని శ్రీశైలానికి ఉత్తర ద్వారమంటారు. గుడి కొండ మీద ఉన్నట్టు ఉండదు, కొండ ఒళ్లో ఉన్నట్టు ఉంటుంది. నెత్తి మీద బండ పైకప్పులా ముందుకు వంగి ఉంటే, దాని కిందనే నడవాలి. ఒక మూల రాతి సందులోంచి నీళ్లు చుక్కచుక్కగా దిగుతుంటాయి, అది పాపనాశనం. ఎండాకాలంలోనూ ఆగదని అక్కడివాళ్లు చెప్పారు. కల్వకుర్తి వైపు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఆ చుక్కల కింద ఇత్తడి చెంబు పెట్టి, నిండేదాకా కదలనన్నట్టు గోడకు ఆనుకుని కూర్చుంది. చెంబు నిండడానికి చాలాసేపు పట్టేటట్టు ఉంది గనుక నేనూ పక్కనే కూర్చున్నాను.

ఈ చోటును ఏమంటారమ్మా, లోయ అంటారా అని అడిగితే ఆమె నవ్వింది. “లోయ గాదు బిడ్డా, కోన. కొండకు కోన లేకపోతె దేవుడు యాడుంటడు?” అంది.

కొండాకోనా అని జంటగా అనేస్తాము గనుక కోనకు విడిగా అర్థం ఉందన్న సంగతే మరిచిపోయాము. రాయలసీమ అంచున తలకోన ఉన్నట్టే ఇక్కడ ఈమె కోన ఉంది. కోనకు లోతు ముఖ్యం కాదు. చుట్టూ కొండ ఉండాలి, నీడ ఉండాలి, నీళ్లుండాలి. కోనలో ఎవరూ పడరు. పోతారు, ఉంటారు, ఒక్కోసారి తప్పిపోతారు. నాకు కావలసిన నిటారు గోడలు మాత్రం ఆ మాటలో లేవు.

రాత్రి అచ్చంపేటలో జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు. రొట్టె ఒక్కొక్కటి ఇరవై, కూర రెండువందల యాభై. రొట్టెలు చేసే ఆమె పిండిముద్దను అరచేతుల మధ్య తిప్పి తిప్పి చప్పుడు చేస్తుంటే, ఆ చప్పుడు వింటూనే నేను మూడు తిన్నాను. మూడోది ఆమె లెక్కలో వేయలేదు. చెప్పినా, “తినేటోళ్లకు లెక్కేంది సార్” అంది.

రెండో రోజు, ఆదివారం: మన్ననూరు, ఫరహాబాద్

మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. 2014 తరువాత తెలంగాణ వాటాకు వచ్చిన అడవి, 2,611 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం. రాత్రి 9 నుంచి పొద్దున 6 వరకు గేటు వేసి ఉంటుంది. ఫరహాబాద్ దగ్గర మన బండి దిగి అటవీశాఖ బండి ఎక్కాలి. నిజాం కాలంలో వేటకు వచ్చి విడిది చేసిన చోటు ఇది. ఆ కాలపు కట్టడాల మొండిగోడలు ఇంకా కనిపిస్తాయి. ఫరహాబాద్ అంటే ఆనందాల ఊరని అర్థం. పైన నిలబడి చూసేవాడు పెట్టిన పేరని విన్నవెంటనే తెలుస్తుంది.

బండి నడిపిన కుర్రవాడు చెంచు పిల్లవాడు. పులిని గురించి అడిగినవాళ్లందరికీ ఒకే మాట చెప్పాడు: “అది మిమ్మల్ని సూసుంటది సార్, మీరే సూడలే.” కొండ పైభాగమంతా బల్లపరుపుగా ఉంటుంది. చెట్ల మధ్య సమతలంగా పోతూ పోతూ ఉండగా ఒక్కసారిగా నేల అయిపోతుంది. అంచున నిలబడితే కింద ఎక్కడో అడవి, దాని మీద మన కొండ నీడ. ఇదేనా లోయ అన్నాను, డిండి అనుభవం మరిచిపోయి. ఆ అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. “ఇది వ్యూ పాయింటు సార్” అన్నాడు ముందు. మీ ఇంట్లో ఏమంటారని మళ్లీ అడిగితే, “ఇది చరియ. లొద్ది గాదు. లొద్ది అంటే రెండు దిక్కుల చరియ ఉండాలె, అడుగున నీళ్లుండాలె” అన్నాడు.

వెతుకుతున్నది దొరికింది. పుస్తకం రెండు వాక్యాల్లో చెప్పిన నిర్వచనాన్ని ఈ పిల్లవాడు స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుని ఒక వాక్యంలో చెప్పాడు, పైగా చెప్పినది నిర్వచనమని అనుకోనుకూడా లేదు.

మధ్యాహ్నం మన్ననూరులో తేనె కొన్నాము, కిలో ఐదువందలు. అమ్మే చోట నులకమంచం మీద కూర్చున్న ఒక చెంచు తాతతో మాటలు కలిశాయి. లొద్దిని ఎట్లా వాడతాడో వినాలని తిప్పితిప్పి అడిగాను. లొద్దికి దిగినం, లొద్దిల ఉన్నం, లొద్ది ఎక్కొచ్చినం అన్నాడే తప్ప పడ్డం అని ఒక్కసారీ అనలేదు. వానకు కోసుకుపోయిన చిన్న పాయ ఒర్రె; అదే ఏడాదిలో చాన్నాళ్లు పారితే వాగు; బండల నడుమ నీళ్లు నిలిస్తే గుండం. ఇవన్నీ చివరికి లొద్దికే పోతాయి. ఆ లొద్దిలో మల్లయ్య ఉన్నాడు, లొద్ది మల్లయ్య. తొలి ఏకాదశికి జనం అక్కడికి దిగుతారు. దేవుడి ఇంటిపేరైన తరువాత ఆ మాటకు నిఘంటువు సాక్ష్యం దేనికి?

తేనె తీసే సంగతి తాతే ఎత్తాడు. చరియకు పట్టిన తేనెపట్టు కోసం పైనుంచి తీగల తాడు వేలాడదీసి ఒకడు దిగుతాడు. పైన తాడు పట్టుకునేవాడు బామ్మర్ది అయి ఉండాలి. అన్నదమ్ములకు ఆస్తి ఆశ ఉండవచ్చునట, అక్కచెల్లెలు ముండమోయాలని మాత్రం ఎవడూ కోరుకోడట. ఇది విని మా బామ్మర్ది ఛాతీ విరుచుకుని, “బావా, ఇన్నవా” అన్నాడు. ఆ సాయంత్రం డీజిల్ డబ్బులు నేనే ఇచ్చాను.

ఆ రాత్రి పడుకున్నాక పాత సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చింది. పదకొండేళ్ల క్రితం చైత్ర పౌర్ణమికి సలేశ్వరం వెళ్లాను. ఏడాదికి ఆ కొద్దిరోజులే దారి తెరుస్తారు. “వత్తన్నం వత్తన్నం లింగమయ్యో” అని అరుచుకుంటూ వేలమంది బండల మీద చేతులూ కాళ్లూ ఆనించి దిగుతుంటే, దర్శనమైనవాళ్లు “పోయొస్తం లింగమయ్యో” అంటూ ఎదురెక్కుతుంటారు. అడుగున పూజ చేసేది చెంచులే. అక్కడ నిలబడి తలెత్తితే ఆకాశం రెండు గోడల మధ్య గుడ్డపీలికలా కనిపించింది. అంతకుముందు ఆరేళ్లుగా పిల్లలకు అగాధదరి బొమ్మ గీసి చూపినవాణ్ణి, దాని అడుగున నిలబడి కూడా ఆ మాట తలుచుకోలేదు. మాట పుస్తకంలోనే ఉండిపోయింది, నేను లింగమయ్య దగ్గర ఉన్నాను.

మూడో రోజు, సోమవారం: వటవర్లపల్లి, మల్లెలతీర్థం

వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థానికి తిరిగే మలుపును మాటల్లో పడి దాటేశాము. పది కిలోమీటర్లు పోయాక పశువులు తోలుకుపోతున్న ఒకాయన కారు ఆపకముందే నవ్వుతూ, “తీర్థం ఎనకనే పోయింది” అన్నాడు. రోజుకు ఇట్లా ఎంతమందికి చెబుతాడో.

రోడ్డు నుంచి అడవిలోకి ఎనిమిది కిలోమీటర్లు, ఆ పైన మెట్లు. నా లెక్కకు 350 దాటాయి, బామ్మర్ది లెక్కకు 340 కూడా కాలేదు. అతడు రెండేసి దిగాడని నా అనుమానం. మెట్టుమెట్టుకూ గాలి చల్లబడుతుంది, తరువాత చప్పుడు వినిపిస్తుంది, నీళ్లు కనిపించేది అన్నిటికంటే చివరన. డిసెంబరు గనుక ధార సన్నబడి, నాలుగైదు పాయలుగా బండను పట్టుకుని జారుతోంది.

నేను నీళ్లను వదిలి గోడను చూస్తూ కూర్చున్నాను. నల్లమలలో ఈ వైపు బండ ఎక్కువగా క్వార్ట్‌జైట్. ఒకప్పటి ఇసుక నొక్కుకుపోయి, గట్టిపడి, రాయిగా మారింది. పొరలు దాదాపు అడ్డంగా, షాబాదు బండలు దొంతి పెట్టినట్టు ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉన్నాయి. నా మోకాలి ఎత్తులో రెండు పొరల మధ్య వేలు పట్టేంత సందు ఉంది. ఆ సందు పొడవునా నాచు, నాచు అంచున వరుసగా నీటిచుక్కలు. ఒక చుక్క ఉబ్బి, వేలాడి, రాలేసరికి దాని వెనక ఇంకొకటి సిద్ధంగా ఉంది. పైన కురిసిన వాన పగుళ్లగుండా దిగి, దారి దొరికిన సందులో ఇట్లా బయటికి వస్తుంది. ఉమామహేశ్వరంలో ముసలమ్మ చెంబులో పడిన చుక్క కూడా ఇట్లాంటిదే అయి ఉండాలి. గోడ నిటారుగా నిలవడానికి కారణం ఈ బండే. మెత్తటి మట్టినేలలో వాగు అడుగును కోస్తే పక్కలు కూడా జారి, చివరికి వెడల్పాటి పల్లం మిగులుతుంది. ఇక్కడ నీళ్లు అడుగును కోసినంత వేగంగా పక్కలు అరగవు; అరిగినా పగుళ్ల వెంట పలకలు పలకలుగా ఊడి పడతాయి గనుక, మిగిలిన గోడ మళ్లీ నిటారుగానే ఉంటుంది.

జడ్చర్ల నుంచి వచ్చిన ఒక రైతు కుటుంబం మా పక్కనే పులిహోర మూట విప్పి, అడగకుండానే మా ఇద్దరికీ మోదుగాకుల విస్తళ్లలో పెట్టింది. ఇట్లాంటిచోట వద్దనడం మర్యాద కాదు, రెండోసారి వడ్డించమనడం అంతకంటే కాదు. వాళ్లే రెండోసారి వడ్డించారు. నా ప్రశ్న విని ఆ రైతు, “గిదంత నీళ్లు గండి కొట్టుడే గద సార్” అన్నాడు. చెరువుకట్ట తెగితే గండి, కాలువకు దొంగచాటుగా కొడితే గండి, ఎవరి ఆదాయమైనా పోతే దానికీ గండి. పెన్నానది కొండను కోసిన చోట కోట కడితే గండికోట. ఒక్క రాత్రిలో తెగిన కట్టకూ, ఒక నది ఎన్ని లక్షల ఏళ్లో కోసిన కొండకూ మనవాళ్లు ఒకే మాట వాడారు. నాకు ఇది బాగా నచ్చింది, ఎందుకంటే ఈ మాటలోనే పని చేసింది ఎవరో ఉంది. లోయ, కోన, లొద్ది అనేవి చోటును చెబుతాయి. గండి అంటే నీళ్లు కనిపిస్తాయి.

పైకెక్కేటప్పుడు మెట్లు 350 దాటాయని బామ్మర్ది ఒప్పుకున్నాడు.

నాలుగో రోజు, మంగళవారం: దోమలపెంట, ఈగలపెంట, ఆనకట్ట

దోమలపెంటలో ఇడ్లీ తింటుంటే హైదరాబాదు బస్సు దిగిన ఒకాయన బోర్డు చదివి ముక్కు మూసుకున్నాడు. పెంట అంటే మనకు చెత్తకుప్ప. నల్లమలలో పెంట అంటే చెంచుల ఊరు, నలుగురు గుడిసెలు వేసుకున్న చోటు. అప్పాపూర్ పెంట, రాంపూర్ పెంట అని వాళ్లు అంటున్నప్పుడు అందులో ఏ వాసనా ఉండదు. దరి మాటకు మా క్లాసు అమ్మాయి తడబడినట్టే ఈ పెద్దమనిషీ తడబడ్డాడు, కాకపోతే ఆ అమ్మాయి అడిగింది.

ఈగలపెంట దాటాక ఘాట్ రోడ్డు మెలికలు తిరుగుతూ దిగుతుంది. కొండను దాటించే దారికి కనుమ అనే మంచి మాట ఉన్నా, ఇక్కడ అందరికీ అది ఘాటే. తూర్పు కనుమలు అనగానే మా పిల్లల్లో సగంమందికి సంక్రాంతి మర్నాడు గుర్తొస్తుంది.

చివరి మలుపుల్లో ఒకచోట కారు ఆపి గోడ దగ్గరికి నడిచాము. రెండు వైపులా చరియలు, అడుగున కృష్ణ. ఆనకట్ట ఆ గోడకూ ఈ గోడకూ మధ్య బిగించిన చెక్కలా ఉంది. నల్గొండవాళ్లకు ఆనకట్ట అంటే సాగరే గనుక నాకు పోలిక తేలిగ్గా దొరికింది. నాగార్జునసాగర్‌లో రాతికట్టడమే 1,450 మీటర్లు, మట్టికట్టలతో కలిపితే 4,865 మీటర్లు, గేట్లు 26. శ్రీశైలం ఆనకట్ట 145 మీటర్ల ఎత్తున సాగర్‌ను మించినా పొడవు 512 మీటర్లే, గేట్లు 12. అదే నది, దిగువన మరో ఆనకట్ట. కొండలు పక్కకు జరిగిన చోట కట్ట అంత పొడవు సాగవలసివచ్చింది, దగ్గరగా నిలిచిన చోట ఇంత చాలింది. జలాశయం నిండు మట్టం 885 అడుగులు. ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్ కేంద్రాన్ని కొండ లోపలే తొలిచి పెట్టారు. అగాధదరి పాఠంలో ఈ రెండు ఆనకట్టల కొలతలు పక్కపక్కన రాస్తే వేరే బొమ్మ గీయనక్కరలేదు. పదిహేడేళ్లలో నాకు ఈ ఆలోచన రానందుకు అక్కడే కాస్త సిగ్గుపడ్డాను.

వంతెన దాటి పాతాళగంగకు వెళ్లాము. మోకాళ్లు నిన్నటి మెట్లను మరిచిపోలేదు గనుక రోప్‌వే ఎక్కాము. తొట్టి అంచు దాటి గాల్లోకి జారగానే మా ఎదుట కూర్చున్న ఆవిడ కళ్లు మూసుకుని శివనామం అందుకుంది. ఈ పేరు ఎన్నిసార్లు పలికానో, ఒక్కసారీ విప్పి చూడలేదు. గుడి ఉన్న పైనేల నుంచి చూస్తే నీళ్లు పాతాళంలో ఉన్నాయి. ఆ లోతును చెప్పడానికి పూర్వీకులు లోయకు పేరు పెట్టలేదు, ఏకంగా నదికే పెట్టారు.

తిరుగు ప్రయాణంలో లెక్క చూసుకుంటే ఇద్దరికీ అన్నీ కలిపి ఆరువేల నాలుగువందలైంది, అందులో తేనె వెయ్యి.

బుధవారం: బడి

ఒకవైపు సాగర్, ఒకవైపు శ్రీశైలం కొలతలు బోర్డు మీద రాసి, కింద అగాధదరి అనీ, పక్కన లొద్ది అనీ రాశాను. చరియ, ఒర్రె, గుండం, గండి కూడా వరుసగా చేరాయి. అమ్మాయి లొద్దిని రెండుసార్లు నోట్లో పలికి చూసుకుని కూర్చుంది. ఇంతలో వెనక బెంచీ అబ్బాయి లేచి, “గట్లాంటిదాన్ని మా అవ్వ లొంక అంటది సార్” అన్నాడు. లొంకలో నీళ్లుండాలా అని అడిగితే ఉండక్కరలేదన్నాడు. ఉండాలని పక్కవాడన్నాడు. తమ పొలం దగ్గరి లొంకలో కందులు వేస్తారని ఇంకొకడు సాక్ష్యం తెచ్చాడు. గంట కొట్టినా తేలలేదు. అవ్వలను అడిగి రమ్మని పంపాను.